ఒక తప్పు జవాబు కోసం

ఆ ఉదయం లెక్చరరు వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. కూతురికి తల దువ్వించి, ఉతికిన గౌను తొడిగించి, రెండు పొట్టి గ్లాసులూ ఒక పొడుగు గ్లాసూ సంచిలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళాలి. అక్కడ విద్యార్థుల ఎదుట, బయటినుంచి వచ్చే నిపుణురాలి ఎదుట, ఆ పిల్ల ఒక చిన్న ప్రశ్నకు తప్పు జవాబు చెప్పాలి. పిల్ల తప్పు చెబితే తండ్రి ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఒప్పు చెబితే కాదు. ఇంత సులువైన సంగతి ఇంట్లో ఎవరికీ అర్థం కాకపోవచ్చునన్న అనుమానం ఆయనకు కలలో కూడా రాలేదు. మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాడు కదా.

ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో ఆయన చెప్పే పాఠం, మనిషి ఎలా ఎదుగుతాడు, ఎలా నేర్చుకుంటాడు అన్నది. ఆయన మాత్రం చేరిన రోజు ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు. సెలవులివ్వగానే ఆయన్ని తీసేస్తారు, కాలేజీ తెరవగానే మళ్ళీ తీసుకుంటారు. ఆ మధ్యకాలంలో ఇల్లు ఆస్పత్రి ల్యాబులో పనిచేసే భార్య జీతం మీద నడుస్తుంది. ఆ రోజుల్లో ఆయన అన్నం రెండోసారి వడ్డించుకోడు, ఆవిడ అది చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. ఈ ఏడాది ఎట్టకేలకు మళ్ళీ ఒక పర్మనెంటు పోస్టు వచ్చింది. దానికి ఆయన ఒక నమూనా పాఠం చెప్పాలి. అది నిపుణురాలికి నచ్చాలి. నచ్చకపోతే మళ్ళీ సెలవులు, మళ్ళీ సగం కడుపు.

ఆయన ఎంచుకున్న పాఠం, పిల్లల ఆలోచన మెట్లు మెట్లుగా ఎదుగుతుందన్న సిద్ధాంతం. రెండు ఒకేలాంటి పొట్టి గ్లాసుల్లో నీళ్ళు సమానంగా పోసి చూపిస్తే, సమానమేనని చిన్నపిల్లలు ఒప్పుకుంటారు. వాళ్ళ కళ్ళముందే ఒక గ్లాసు నీళ్ళని సన్నని పొడుగు గ్లాసులోకి ఒంపితే మాత్రం, పొడుగుదాంట్లోనే ఎక్కువున్నాయంటారు. ఇంకాస్త పెద్దయ్యాక వాళ్ళంతట వాళ్ళే అలా అనడం మానేస్తారు. ఎవరూ నేర్పక్కర్లేదు, తొందరపెట్టీ లాభం లేదు. ఈ సంగతిని ఎక్కడో ఒక పెద్దమనిషి జీవితమంతా పిల్లల మధ్య కూర్చుని కనిపెట్టాడు. ఆ పెద్దమనిషి అత్తగారు ఆయనతో కలిసి ఉండేది కాదేమో.

ముందురోజు సాయంత్రం ఇంట్లో ఒకసారి సరిచూసుకున్నాడు. ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే కూతురు పొడుగు గ్లాసుకేసి వేలు చూపించి, "దీంట్లోనే ఎక్కువ!" అంది. ఆయన పిల్లని అమాంతం ఎత్తుకుని, హాలంతా తిప్పి, రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. గుమ్మంలో ఆరిన బట్టలు మడతపెడుతున్న అత్తగారు ఇదంతా చూసింది. పాపం అల్లుడికి కూతురంటే పిచ్చిప్రేమ, తప్పు చెప్పినా మురిసిపోతున్నాడు అనుకుంది. కానీ రేపు అంతమందిలో ఇలాగే చెబితే పిల్లని చూసి నవ్వరూ? ఆవిడ మనసు చివుక్కుమంది.

ఆవిడకు సిద్ధాంతాలు తెలియవు. ఆవిడకు తెలిసిన చదువల్లా ఒకటే. ప్రశ్న అడగాలి, జవాబు చెప్పించాలి, రాకపోతే తొడపాశం పెట్టాలి. ముగ్గురు పిల్లల్ని ఆ దారినే గట్టెక్కించింది. పొద్దున్నే మనవరాలికి జడ వేస్తూ, పాయకొకసారి చొప్పున ఒకటే మాట చెప్పించింది.

సంచి సర్దుకునే ముందు లెక్చరరు చివరిసారిగా సరిచూద్దామని గ్లాసులు బల్లమీద పెట్టాడు.

"ఇదిగో పిడుగూ, ఈ నీళ్ళని పొడుగు గ్లాసులో పోసేశా. ఇప్పుడు దేంట్లో ఎక్కువున్నాయి?"

"సమానం!" అంది పిడుగు. గ్లాసులకేసి చూడనైనా లేదు. వంటింటి గుమ్మంలో తలూపుతున్న అమ్మమ్మకేసి చూసింది.

లెక్చరరు గుమ్మంకేసి తిరిగాడు. "అత్తయ్యగారూ, దీనికి మీరేమన్నా చెప్పారా?"

"చెప్పకపోతే ఎలా అల్లుడుగారూ? నిన్న తప్పు చెప్పిందిగా. మీరేమో ముద్దు చేసి ఊరుకున్నారు."

"తప్పే చెప్పాలండీ! అది తప్పు చెబితేనే నేను చెప్పేది ఒప్పవుతుంది!"

అత్తగారు ఆయన్ని కిందనుంచి పైదాకా జాలిగా చూసింది. "రాత్రి నిద్ర పట్టినట్టు లేదు," అని, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.

ఈ గొడవకి భార్య అన్నం డబ్బా కట్టుకుంటూ బయటికొచ్చింది. ఆయన గబగబా మొత్తం చెప్పాడు. చెప్పినకొద్దీ ఆవిడ ముఖం ముడుచుకుపోయింది.

"అంటే నా కూతురు తెలివితక్కువదని కాలేజీ అంతటికీ చూపించి ఉద్యోగం తెచ్చుకుంటారా?"

"తెలివితక్కువ కాదే! ఆ వయసులో ఎవరైనా అలాగే చెబుతారు. నేనూ చెప్పుంటాను, నువ్వూ చెప్పుంటావు."

"మా అమ్మాయి ఎన్నడూ చెప్పలేదు," అంది అత్తగారు లోపల్నుంచే. "ఆ వయసుకి దానికి ఎక్కాలొచ్చు."

భార్య చెప్పులేసుకుంది. కోపం పోయి గొంతు మెత్తబడింది. "ఈసారైనా వస్తుందంటారా?" అని అడిగింది. వస్తుందన్నాడు. పోయినసారి కూడా అదే గొంతుతో అన్నాడని ఇద్దరికీ గుర్తుంది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

ఏడుస్తూ కూర్చుంటే కాదు కాబట్టి శాస్త్రాన్ని ఆశ్రయించాడు. మంచి ఫలితం దక్కిన పనినే ప్రాణి మళ్ళీ మళ్ళీ చేస్తుందని ఇంకో సిద్ధాంతం ఉంది. పిడుగు ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుని, "పొడుగుదాంట్లో ఎక్కువ అను, బిస్కెట్టిస్తా," అన్నాడు. పిడుగు అంది, బిస్కెట్టు తింది. ఆయన స్నానానికి వెళ్ళి వచ్చేసరికి అత్తగారు చాక్లెట్టిచ్చి మాట మార్పించేసింది. ఆయన రెండు బిస్కెట్లిచ్చాడు. ఆవిడ చాక్లెట్టు మీద చాక్లెట్టిచ్చింది. చివరికి పిడుగు ప్రశ్న వినగానే జవాబు చెప్పడం మానేసి అరచెయ్యి చాపడం మొదలుపెట్టింది. నేర్చుకోవడం అంటూ జరిగితే ఆ ఇంట్లో ఆ పొద్దుట జరిగింది అదొక్కటే.

నీళ్ళు వదిలేసి వేరే పరీక్ష పెడదామని గోధుమపిండి తడిపి రెండు ఉండలు చేశాడు. ఒకదాన్ని పాములా సాగదీసి, ఏది పెద్దదని అడిగాడు. సమానమంది. గుండీలు ఒక వరస దగ్గరగా, ఒక వరస దూరదూరంగా పేర్చి అడిగాడు. సమానమంది. ఒళ్ళు మండిపోయి, "నేను పెద్దా నువ్వు పెద్దా?" అని అరిచాడు. "సమానం!" అని పిడుగు చెయ్యి చాపింది. లెక్చరరు నెత్తిన చేతులు పెట్టుకుని పిండిలోనే కూలబడ్డాడు.

అప్పుడు కింది వాటా కేషియరు కూతురు గుర్తొచ్చింది. పిడుగు ఈడుదే, ఎవరూ చెడగొట్టని పిల్ల. పిండి చేతులతోనే ఒక్క పరుగున మెట్లు దిగాడు. కేషియరు అద్దం ముందు నిలబడి టై ముడేసుకుంటున్నాడు.

"మీ అమ్మాయిని ఇవాళొక్క గంట మా కాలేజీకి పంపిస్తారా? చిన్న ప్రశ్న అడుగుతాం, అంతే."

కేషియరు కళ్ళు మెరిశాయి. "నీళ్ళ ప్రశ్నేగా మాస్టారూ? పొద్దున చాక్లెట్లకని మీ అత్తగారు మా ఇంటికొచ్చి అంతా చెప్పారు. పెద్దవాళ్ళెవరో వస్తున్నారట, బడికి పిల్లల్ని ఏరుకుంటారట. మా ఆవిడ అప్పట్నుంచీ దీన్ని కూర్చోబెట్టి రుద్దుతోంది." వెనక్కి తిరిగి, "అమ్మలూ, అంకుల్‌కి చెప్పు," అన్నాడు.

"సమానం," అంది అమ్మలు, చేతులు కట్టుకుని.

"ఏరుకోవడం కాదండీ, ఉట్టి పాఠం!" అని లెక్చరరు మొత్తుకున్నాడు. కేషియరు నవ్వి కన్నుగీటాడు. గుట్టుగా జరిగే ఎంపికలన్నీ ఉట్టివేనని చెబుతారని, బ్యాంకులో ఎంతోకాలంగా పనిచేస్తున్న ఆయనకు తెలుసు. లెక్చరరు స్వయంగా వచ్చి పిల్లని అడిగాడంటే ఇక సందేహమే లేదు. ఆ మాట కేషియరు భార్య బాల్కనీలోంచి ఎదురు బాల్కనీకి చెప్పింది. ఎదురు బాల్కనీ పైకీ కిందికీ చెప్పింది. లెక్చరరు మెట్లెక్కి వెళ్తుంటే ఒక్కో తలుపు వెనకనుంచీ ఒక్కో తల్లి గొంతు, దాని వెనకే ఒక పిల్ల గొంతు వినిపించాయి. అన్ని గొంతులూ ఒకే మాట అంటున్నాయి. ఆయన చెవులు మూసుకున్నాడు.

బయల్దేరే వేళకు పిడుగు అమ్మమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. "అమ్మమ్మ రాకపోతే నేను రాను," అంది. పిల్లలకు అలవాటైన మనిషి పక్కనుంటేనే కొత్తచోట ధైర్యంగా ఉంటారని ఆయన పోయిన వారమే పాఠం చెప్పాడు. తన పాఠానికి తానే ఎదురుచెప్పలేక అత్తగారిని కూడా ఆటో ఎక్కించాడు. దారిపొడుగునా పిడుగు ఆ ఒక్క మాటే నెమరేసింది. అత్తగారు వింటూ నిశ్చింతగా కూర్చుంది.

కాలేజీ వరండాలో చుట్టుపక్కల వాటాల తల్లులూ పిల్లలూ అప్పటికే నిండిపోయి ఉన్నారు. జడలకు రిబ్బన్లు, ముఖాలకు పౌడర్లు, చేతుల్లో మంచినీళ్ళ సీసాలు. ప్రిన్సిపాలు తలుపు తీసి ఒకసారి చూసి, మళ్ళీ వేసేసుకుని, మళ్ళీ తీశాడు.

"ఏమిటి మాస్టారూ ఇది? ఒక్క పిల్ల అన్నారుగా!"

"నేను తీసుకొచ్చింది ఒక్కదాన్నే సార్."

"మరి వీళ్ళు?"

"వీళ్ళు... ఎదిగినవాళ్ళు సార్," అన్నాడు లెక్చరరు నీరసంగా. తానేమంటున్నాడో తనకే తెలియలేదు.

నిపుణురాలు ముందువరసలో కూర్చుంది. తక్కువ మాట్లాడే మనిషి. కళ్ళజోడు తుడుచుకుని, కలం మూత తీసి, "కానివ్వండి," అంది. పిడుగుని చూస్తే లెక్చరరుకు ధైర్యం చాల్లేదు. ఇంతమందిలో చెడిపోని పిల్ల ఒక్కతైనా ఉండకపోదా అని, వరండాలోంచి చేతికందిన పిల్లని లోపలికి పిలిచాడు. రెండు పొట్టి గ్లాసుల్లో నీళ్ళు పోశాడు. పొడుగు గ్లాసు చేతిలోకి తీసుకోకముందే ఆ పిల్ల, "సమానం," అనేసింది. విద్యార్థులు కిసుక్కున నవ్వారు. రెండో పిల్ల గుమ్మంలోంచే అరిచింది. మూడో పిల్ల వాళ్ళమ్మ కిటికీ చువ్వల మధ్యనుంచి పెదాలు కదిపి చూపిస్తోంది.

ఇక తెగించాడు. వరండాలో ఉన్న అమ్మలుని పిలిచి బల్లముందు నిలబెట్టి, ఒక గ్లాసులో నీళ్ళు అంచుదాకా నింపాడు. రెండో గ్లాసుని వెనకవైపు కిటికీలోంచి బయటికి బోర్లించి, చుక్క లేకుండా దులిపి, పక్కన పెట్టాడు.

"బాగా చూడమ్మా. ఇది నిండుగా ఉంది. ఇది ఖాళీ. ఏ గ్లాసులో ఎక్కువున్నాయి?"

అమ్మలు బాగా చూసింది. నిండు గ్లాసుని చూసింది, ఖాళీ గ్లాసుని చూసింది, కిటికీలో వాళ్ళమ్మని చూసింది. ఆ పిల్ల కళ్ళలో ఒక్క క్షణం నిజం కదిలినట్టే కనిపించింది.

"సమానం," అంది అమ్మలు. కిటికీ అవతల చప్పట్లు మోగాయి.

హాలంతా గొల్లుమంది. నిపుణురాలు మాత్రం నవ్వలేదు. "మీ అమ్మాయిని తీసుకొచ్చారటగా, ఆమెని పిలవండి," అంది. పిడుగు వచ్చి బల్లమీది మైకు ముందు నిలబడింది. లెక్చరరు నీళ్ళు పోశాడు, పొడుగు గ్లాసులోకి ఒంపాడు, అడిగాడు. తప్పు చెప్పు తల్లీ, ఒక్క తప్పు చెప్పు అని లోలోపల వేడుకున్నాడు. ఆయన బతుకులో దేన్నీ అంతగా వేడుకోలేదు.

పిడుగు జవాబు చెప్పలేదు. ఎప్పట్లా చెయ్యీ చాపలేదు. తండ్రి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఏది చెబితే నీకు ఉద్యోగం వస్తుంది నాన్నా?" అంది.

మైకు ఆ మాటని హాలు చివరిదాకా మోసుకెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. లెక్చరరుకు ఆ క్షణంలో పాఠమూ పోస్టూ అన్నీ మరిచిపోయి, పిల్లని ఎత్తుకుని ఇంటికి పారిపోదామనిపించింది.

నిపుణురాలు ముందుకు వంగింది. "నాన్న నీకేమన్నా నేర్పారా పాపా?"

"ఊఁ. ఎక్కువ అంటే బిస్కెట్టిస్తానన్నాడు. ఇచ్చాడు కూడా," అంది పిడుగు. అబద్ధం చెప్పకూడదని కూడా ఆ ఇంట్లో నేర్పారు మరి.

"మేడమ్, నేను నేర్పలేదు. వేరేవాళ్ళు నేర్పింది పోగొడదామని..."

"పోగొట్టడానికి బిస్కెట్టిచ్చారా లేదా?"

"ఇచ్చాను."

"పిల్లకి ముందే జవాబు నేర్పి తీసుకొచ్చి, ఇదే పిల్లల సహజమైన ఆలోచన అని చూపించబోయారు. ఇంత చదివి మీరు చేయాల్సిన పనేనా?" అని కలం మూత పెట్టేసింది. గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. పొద్దున్నుంచీ ప్రపంచమంతా పిల్లలకు జవాబు నేర్పుతుంటే ఒంటరిగా అడ్డుపడ్డ మనిషి ఆయనొక్కడే. శిక్ష కూడా ఆయనొక్కడికే పడింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదని ఆయనకు తెలుసు, అదే భరించలేకపోయాడు.

నిపుణురాలు కారెక్కి వెళ్ళిపోయింది. లెక్చరరు ఖాళీ హాల్లో బెంచీ మీద కూర్చుండిపోయాడు. భార్య సాయంత్రం వస్తుంది, చెప్పులు విప్పకుండానే ఆయన ముఖం చూస్తుంది, ఏమీ అడగదు. పిడుగు వచ్చి ఆయన ఒళ్ళో తల పెట్టుకుంది. "నేను తప్పు చెప్పానా నాన్నా?" అనడిగితే, లేదమ్మా అన్నాడు. అంతకంటే నిజం ఆయనకు దొరకలేదు.

బయట వరండాలో వేరే సందడి మొదలైంది. తల్లులంతా ప్రిన్సిపాలుని చుట్టుముట్టారు. ఫలితాలెప్పుడు, ఫీజెంత, యూనిఫామ్ ఏ రంగు అని ఒకటే ప్రశ్నలు. ప్రిన్సిపాలుకి మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక ఆవరణ చివరకేసి చూశాడు. కాలేజీ ఆవరణలో యాజమాన్యం ఒక నర్సరీ బడి కట్టించింది. రంగులు వేసి, చిన్న కుర్చీలు కొని, ఎన్నాళ్ళనుంచో తలుపులు తీసి కూర్చున్నా ఒక్క పిల్లా చేరలేదు. దాని సంగతి ఏం చేశావని యాజమాన్యం అడిగినప్పుడల్లా ప్రిన్సిపాలు కడుపునొప్పని సెలవు పెడుతున్నాడు.

"ఇంతమంది పిల్లలకి ఒక్క పూటలో, ఒక్క అక్షరం తేడా లేకుండా నేర్పించింది ఎవరమ్మా?" అనడిగాడు ఆయన.

అన్ని వేళ్ళూ అత్తగారివైపు తిరిగాయి. ఆవిడ స్తంభానికి ఆనుకుని తీరిగ్గా కూర్చుని ఉంది.

"మీ పద్ధతేమిటమ్మగారూ?" అని ప్రిన్సిపాలు చేతులు జోడించాడు.

"పద్ధతేముంది బాబూ? అడిగేది వాళ్ళు చూసుకుంటారు, చెప్పేది మనం చూసుకోవాలి," అంది అత్తగారు.

తల్లులు పరవశించిపోయారు. సాయంత్రానికి నర్సరీలో చిన్న కుర్చీలు చాలక పెద్ద కుర్చీలు తెప్పించారు. యాజమాన్యం ఫోన్లోనే ఒప్పేసుకుంది. నర్సరీకి హెడ్‌మిస్ట్రెస్‌గా అత్తగారిని వేశారు. నెలనెలా జీతం, సెలవుల్లో కూడా జీతం, పర్మనెంటు. లెక్చరరు సంగతి మాత్రం ఎప్పటిలాగే ఉంచారు. కాకపోతే ప్రిన్సిపాలు దయతలిచి ఆయనకొక అదనపు పని ఇచ్చాడు. ప్రతి శనివారం నర్సరీ టీచర్లకు పిల్లల ఎదుగుదల సిద్ధాంతాలు చెప్పాలి, అది కూడా అత్తగారు సరేనన్న పాఠాలే.

తిరుగుదారిలో ఆటోలో పిడుగు అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోయింది. లెక్చరరు సంచి గుండెలకు హత్తుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. అత్తగారు మనవరాలి జడ సర్దుతూ చాలాసేపు ఆయన్ని గమనించింది. నిజంగానే మనసు కరిగింది ఆవిడకు.

"దిగులుపడకండి అల్లుడుగారూ," అంది. "ఈసారి మిమ్మల్నేం అడుగుతారో ముందే నాకు చెప్పండి. మీకూ నేర్పించేస్తా."

ఆయన సరేనని తలూపాడు. వద్దనాలంటే పర్మనెంటు ఉద్యోగం ఉండాలి.